పక్క అకౌంట్ పంచిన క్లౌడ్ రిసోర్సులను టెర్మినల్‌లో చూడటం ఎలా

మొన్నామధ్య ఒక సాయంత్రం, హన్మకొండ నయీంనగర్‌లో మా గదికి వచ్చిన జూనియర్ ఒకతను ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. నల్లటి స్క్రీన్ మీద ఒకటే లైను: "రిసోర్స్‌షేర్స్" అనే మాట, పక్కన ఖాళీ చదరపు బ్రాకెట్లు. "అన్నా, నెట్‌వర్క్ టీమోళ్లు పొద్దుగాల్నే సబ్‌నెట్ షేర్ చేసినమంటున్రు. నాకైతే ఏం కనిపిస్తలేదు" అన్నాడు. సబ్‌నెట్ అంటే క్లౌడ్ నెట్‌వర్క్‌లో ఒక ముక్క. రెండు గంటలుగా అదే కమాండ్ మళ్లీ మళ్లీ కొడుతున్నాడట. వాళ్లకు రెండుసార్లు మెసేజ్ కూడా పెట్టాడు.

నేను మూడే అడిగాను. ఏ అకౌంట్‌లో ఉన్నవ్? ఏ రీజియన్‌లో చూస్తున్నవ్? ఏ వైపు నుంచి అడిగినవ్? అకౌంటూ, రీజియనూ (డేటా సెంటర్లు ఉన్న ప్రాంతం) సరిగ్గానే ఉన్నాయి. మూడోది తప్పింది. కమాండ్‌లో ఒక్క మాట మార్చగానే రెండు సబ్‌నెట్లూ ఉన్న షేర్ వచ్చేసింది.

క్లౌడ్‌లో ఖాళీ జాబితా వస్తే "ఏమీ పంచలేదు" అని అర్థం కాదు. మీరు నిలబడ్డ చోటు నుంచి, మీరు చూసిన వైపు ఏమీ లేదని మాత్రమే అర్థం. ఈ తేడా ఒంటబట్టించుకుంటే రోజుల పని నిమిషాల్లో అవుతుంది. మడికొండ ఐటీ పార్కులోనో, ఇంటి నుంచో పనిచేస్తూ, అకౌంట్ ఒకరిది, నెట్‌వర్క్ మరొకరిది అయిన ప్రాజెక్టుల్లో ఉన్నవాళ్లందరికీ ఇది రోజూ తగిలే సంగతే. అందుకే అమెజాన్ క్లౌడ్‌ను, అంటే ఏడబ్ల్యూఎస్‌ను తీసుకుని మొదటి నుంచి చెబుతాను.

ఒక మాట ముందే. కమాండ్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. మీరు టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. అన్నీ చిన్న అక్షరాలే, మధ్యలో ఉన్న అడ్డగీతలు అలాగే ఉంచాలి. పెద్ద అక్షరాలు కావలసిన చోట విడిగా చెబుతాను.

అసలు పంచడం అంటే

ఏడబ్ల్యూఎస్‌లో ఒక అకౌంట్ తన రిసోర్సును ఇంకో అకౌంట్‌కు వాడుకోనివ్వడానికి రిసోర్స్ యాక్సెస్ మేనేజర్ అనే సేవ ఉంది. అందరూ రామ్ అనే అంటారు. 2018లో వచ్చింది. దీనికి విడిగా చార్జీ లేదు. సబ్‌నెట్లు, ట్రాన్సిట్ గేట్‌వేలు (నెట్‌వర్కులను కలిపే కూడళ్లు), రూట్ 53 రిజాల్వర్ రూల్స్, ప్రిఫిక్స్ లిస్టులు, అరోరా క్లస్టర్లు, ఇలా చాలా రకాలు దీంతో పంచవచ్చు.

పాత పహాణీ చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒకే సర్వే నంబరుకు పట్టాదారు పేరు ఒక గడిలో, అనుభవదారు పేరు ఇంకో గడిలో ఉండేవి. భూమి ఒకటే, గడులు రెండు. రామ్ కూడా అంతే. రిసోర్సు ఎవరి అకౌంట్‌లో పుట్టిందో వాళ్లు పట్టాదారు. పంచుకున్న అకౌంట్ అనుభవదారు. మీరు జాబితా అడిగినప్పుడు ఏ గడి చూడాలో రామ్‌కు మీరే చెప్పాలి. చెప్పకపోతే కమాండ్ నడవదు. తప్పు గడి చెబితే మాత్రం నడుస్తుంది, ఖాళీగా తిరిగొస్తుంది. మా జూనియర్‌కు జరిగింది అదే.

మొదటి మెట్టు: నేనెవర్ని?

ముందుగా కమాండ్ లైన్ టూల్ రెండో వెర్షన్ ఉందో లేదో "ఏడబ్ల్యూఎస్ --వెర్షన్" కొట్టి చూసుకోండి. ఇన్‌స్టాల్ చేసే వీలు లేకపోతే కన్సోల్‌లో బ్రౌజర్‌లోనే తెరుచుకునే క్లౌడ్‌షెల్ వాడండి, అందులో అన్నీ సిద్ధంగా ఉంటాయి.

తర్వాత ఇది:

ఏడబ్ల్యూఎస్ ఎస్‌టీఎస్ గెట్-కాలర్-ఐడెంటిటీ

12 అంకెల అకౌంట్ నంబరు, మీరు ఏ యూజరుగా లేదా ఏ రోల్‌తో లోపలికి వచ్చారో వస్తుంది. ఈ కమాండ్‌కు ఏ పర్మిషనూ అక్కర్లేదు, కాబట్టి ఇది కూడా ఫెయిల్ అయితే సమస్య మీ కీల దగ్గరో, గడువు తీరిన లాగిన్ దగ్గరో ఉన్నట్టు. కంపెనీలో సింగిల్ సైన్-ఆన్ ఉంటే "ఏడబ్ల్యూఎస్ ఎస్ఎస్ఓ లాగిన్ --ప్రొఫైల్" అని రాసి, చివర మీ ప్రొఫైల్ పేరు పెట్టి మళ్లీ లాగిన్ అవ్వండి.

నాలుగైదు అకౌంట్లు చూసేవాళ్లు ఒక్కో అకౌంట్‌కు ఒక్కో ప్రొఫైల్ పెట్టుకుని, ప్రతి కమాండ్ చివరా "--ప్రొఫైల్" తప్పకుండా రాయండి. డిఫాల్ట్ ప్రొఫైల్‌ను నమ్ముకుంటే ఏదో ఒకరోజు తప్పు అకౌంట్‌లో చూసి "లేదు" అని తేల్చేస్తారు. ప్రొఫైళ్లకు ప్రాజెక్టు పేరుతో పాటు ఓనరా, వాడుకునేవాళ్లా అన్నది కూడా పేరులోనే పెట్టుకోవడం నాకు బాగా పనికొచ్చింది. ఉదాహరణకు "నెట్-ఓనర్", "యాప్-డెవ్".

చూడటానికి మాత్రమే అయితే ఏడబ్ల్యూఎస్ రిసోర్స్ యాక్సెస్ మేనేజర్ రీడ్ ఓన్లీ యాక్సెస్ అనే రెడీమేడ్ పాలసీ చాలు. అడ్మిన్ హక్కులు అడగకండి. పర్మిషన్ లేకపోతే యాక్సెస్ డినైడ్ అని ఎర్రర్ వస్తుంది, ఖాళీ జాబితా రాదు. ఖాళీ జాబితా వచ్చిందంటే పర్మిషన్ ఉన్నట్టే. ఎక్కడ వెతకాలో తేల్చుకోవడానికి ఈ గుర్తు చాలా అక్కరకొస్తుంది.

రెండో మెట్టు: ఎక్కడున్నాను?

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే నాకు బాగా నష్టం చేసింది ఇదే.

రామ్ రీజియన్ల వారీగా పనిచేస్తుంది. హైదరాబాద్ రీజియన్‌లో పంచింది ముంబై రీజియన్‌లో అడిగితే కనపడదు. ముంబై రీజియన్ 2016లో వచ్చింది, దాని కోడ్ ఏపీ-సౌత్-1. హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో వచ్చింది, కోడ్ ఏపీ-సౌత్-2. పాత ప్రాజెక్టులు ముంబైలో, కొత్తవి హైదరాబాద్‌లో ఉండటం వల్ల మన దగ్గర చాలామంది ల్యాప్‌టాపుల్లో డిఫాల్ట్ ఇప్పటికీ ముంబైగానే ఉంటుంది.

కొన్నేళ్ల కింద ఒక క్లయింట్ పనిలో నాకు ఇలాగే జరిగింది. నెట్‌వర్క్ టీమ్ సబ్‌నెట్ పంచింది హైదరాబాద్‌లో, నేను చూసింది ముంబైలో. ఏమీ రాలేదు. గడువు దగ్గర పడింది, సరే అని నేనే హైదరాబాద్‌లో కొత్త వీపీసీ (సబ్‌నెట్లన్నీ ఉండే ప్రైవేటు నెట్‌వర్క్) కట్టేశాను. అడ్రస్ రేంజ్ 10.20తో మొదలయ్యేది పెట్టాను. వాళ్లు నాకు పంచిన వీపీసీకి కూడా సరిగ్గా అదే రేంజ్ ఉంది. వారం తర్వాత రెండింటినీ ట్రాన్సిట్ గేట్‌వేతో కలపబోతే రేంజ్‌లు ఒకదాని మీద ఒకటి పడి రూటింగ్ కుదరలేదు. శని, ఆదివారాలు రెండూ కూర్చుని కట్టిందంతా కూల్చి మళ్లీ కట్టాను. రీజియన్ రాయడం ఒక్కటి మరిచిన ఫలితం అది. అప్పటి నుంచి "--రీజియన్" రాయకుండా ఒక్క కమాండ్ కూడా కొట్టను.

హైదరాబాద్ విషయంలో ఇంకో మెలిక ఉంది. 2019 మార్చి తర్వాత వచ్చిన రీజియన్లు అకౌంట్‌లో మొదట ఆపేసి ఉంటాయి. ఎవరో ఒకరు ఎనేబుల్ చేయాలి. చేయకపోతే మీ టోకెనే చెల్లదన్నట్టు ఎర్రర్ వస్తుంది, మీరేమో కీలు పాడయ్యాయని వాటిని మార్చుతూ కూర్చుంటారు. ముందు ఇది చూడండి:

ఏడబ్ల్యూఎస్ ఈసీ2 డిస్క్రైబ్-రీజియన్స్ --ఆల్-రీజియన్స్ --రీజియన్ ఏపీ-సౌత్-1 --ఔట్‌పుట్ టేబుల్

జాబితాలో ఏపీ-సౌత్-2 పక్కన "నాట్-ఆప్టెడ్-ఇన్" అని ఉంటే రీజియన్ మూసి ఉన్నట్టు. అకౌంట్ అడ్మిన్‌ను అడిగి తెరిపించండి.

కొన్ని రిసోర్సులకు రీజియన్ ఉండదు, వాటిని గ్లోబల్ అంటారు. క్లౌడ్ వాన్ కోర్ నెట్‌వర్క్ అలాంటిది. అలాంటివి ఉత్తర వర్జీనియా రీజియన్‌లో, అంటే యూఎస్-ఈస్ట్-1లోనే చూడాలి.

మూడో మెట్టు: నాకు ఏమేం పంచారు?

ఇప్పుడు అసలు కమాండ్:

ఏడబ్ల్యూఎస్ రామ్ గెట్-రిసోర్స్-షేర్స్ --రిసోర్స్-ఓనర్ అదర్-అకౌంట్స్ --రీజియన్ ఏపీ-సౌత్-2 --ప్రొఫైల్ యాప్-డెవ్

"అదర్-అకౌంట్స్" అన్నది మొత్తం పెద్ద అక్షరాల్లో కొట్టాలి. పహాణీలో అనుభవదారు గడి అదే. దాని బదులు "సెల్ఫ్" అని, అదీ పెద్ద అక్షరాల్లోనే, రాస్తే పట్టాదారు గడి: నేను ఇతరులకు పంచినవి. మా జూనియర్ ఏదో పాత నోట్సులోంచి "సెల్ఫ్" ఉన్న కమాండ్‌ను కాపీ చేశాడు. అతని అకౌంట్ ఎవరికీ ఏమీ పంచలేదు, కాబట్టి ఖాళీ రావడమే సరైన జవాబు.

వచ్చే ఫలితంలో షేర్ పేరు, ఓనర్ అకౌంట్ నంబరు, స్టేటస్, తయారైన సమయం ఉంటాయి. స్టేటస్ యాక్టివ్ అని ఉండాలి. షేర్ తీసేసిన తర్వాత కూడా అది కాసేపు డిలీటెడ్ అనే స్టేటస్‌తో కనిపిస్తూ ఉంటుంది, దాన్ని చూసి ఉందనుకోకండి.

ఫలితం పొడవుగా ఉంటే స్క్రీన్ ఆగిపోయినట్టు అవుతుంది, కింద కోలన్ మినుకుమంటుంది. హ్యాంగ్ అయిందని టెర్మినల్ మూసేయకండి. క్యూ అక్షరం నొక్కితే బయటికి వస్తారు. అసలు అలా రాకూడదంటే చివర "--నో-సీఎల్ఐ-పేజర్" పెట్టండి.

షేర్ అంటే సంచి. సంచిలో ఏముందో చూడటానికి ఇంకో కమాండ్:

ఏడబ్ల్యూఎస్ రామ్ లిస్ట్-రిసోర్సెస్ --రిసోర్స్-ఓనర్ అదర్-అకౌంట్స్ --రీజియన్ ఏపీ-సౌత్-2 --క్వెరీ "రిసోర్సెస్[].[టైప్,ఏఆర్ఎన్]" --ఔట్‌పుట్ టేబుల్

క్వెరీ, టేబుల్ పెట్టడం వల్ల రెండు నిలువు వరసల్లో శుభ్రంగా వస్తుంది: రకం, చిరునామా. ఆ చిరునామాను ఏఆర్ఎన్ అంటారు. దాన్ని కోలన్ల దగ్గర విడగొట్టి చదవడం అలవాటు చేసుకోండి. వరసగా సేవ పేరు, రీజియన్, ఓనర్ అకౌంట్ నంబరు, చివర రిసోర్సు ఐడీ వస్తాయి. ఒక్క ఏఆర్ఎన్ చూస్తే ఏ ఊరిదో, ఎవరి పట్టానో తెలిసిపోతుంది.

సబ్‌నెట్లు ఒక్కటే కావాలంటే "--రిసోర్స్-టైప్ ఈసీ2:సబ్‌నెట్" చేర్చండి. ఇందులో సబ్‌నెట్ మొదటి అక్షరం పెద్దది. ఏ రకాలు చెల్లుతాయో తెలియకపోతే "ఏడబ్ల్యూఎస్ రామ్ లిస్ట్-రిసోర్స్-టైప్స్" మొత్తం చూపిస్తుంది.

స్క్రిప్టుల్లో రామ్‌ను నేరుగా పిలిచేవాళ్లకు ఒక జాగ్రత్త. ఒక పేజీ ఖాళీగా వచ్చినా నెక్స్ట్ టోకెన్ ఉంటే ఇంకా ఫలితాలు ఉండే వీలుంది. టోకెన్ అయిపోయేదాకా తిరగాలి. కమాండ్ లైన్ టూల్ ఆ పని తనే చేసుకుంటుంది. మీరు "--మ్యాక్స్-ఐటమ్స్" లాంటివి పెట్టి మధ్యలో ఆపనంత వరకు నిశ్చింతగా ఉండొచ్చు.

నాలుగో మెట్టు: ఆహ్వానం ఎక్కడో ఆగిందా?

రెండు అకౌంట్లూ ఒకే ఆర్గనైజేషన్ (కంపెనీ అకౌంట్లను ఒక గొడుగు కింద పెట్టే ఏర్పాటు) కింద ఉండి, మేనేజ్‌మెంట్ అకౌంట్‌లో ఆర్గనైజేషన్ షేరింగ్ ఎనేబుల్ చేసి ఉంటే పంచింది నేరుగా వచ్చేస్తుంది. లేకపోతే ఆహ్వానం వస్తుంది. మీరు ఒప్పుకునేదాకా షేర్ కనపడదు. ఓనర్ "పంపించాం" అంటారు, మీరు "రాలేదు" అంటారు, ఇద్దరిదీ నిజమే.

ఏడబ్ల్యూఎస్ రామ్ గెట్-రిసోర్స్-షేర్-ఇన్విటేషన్స్ --రీజియన్ ఏపీ-సౌత్-2

పెండింగ్ అని ఉంటే ఒప్పుకునే ముందు లోపల ఏముందో చూడండి. తెలియని అకౌంట్ నుంచి వచ్చినదైతే తప్పకుండా చూడాలి. దానికి "లిస్ట్-పెండింగ్-ఇన్విటేషన్-రిసోర్సెస్" అనే కమాండ్ ఉంది, దానికి ఆహ్వానం ఏఆర్ఎన్ ఇవ్వాలి. అన్నీ సరే అనుకుంటే "యాక్సెప్ట్-రిసోర్స్-షేర్-ఇన్విటేషన్" కొట్టండి, దానికీ అదే ఏఆర్ఎన్. గడువు గుర్తుంచుకోండి: కొన్ని రకాల రిసోర్సులకు 7 రోజులు, మిగతావాటికి 12 గంటలే. గడువు దాటితే ఓనర్ మళ్లీ పంపాలి. శుక్రవారం సాయంత్రం వచ్చిన ఆహ్వానాన్ని సోమవారానికి వాయిదా వేసేవాళ్లు ఈ 12 గంటల సంగతి మరవొద్దు.

సబ్‌నెట్లకు మాత్రం ఈ దారి లేదు. వాటిని ఒకే ఆర్గనైజేషన్‌లోని అకౌంట్లకే పంచగలరు. డిఫాల్ట్ వీపీసీలోని సబ్‌నెట్లనైతే అసలు పంచలేరు.

ఐదో మెట్టు: వచ్చింది, కానీ గుర్తుపట్టడమెలా?

రామ్‌లో కనిపించిన సబ్‌నెట్‌ను ఇక మామూలు ఈసీ2 కమాండ్‌తో కూడా చూడొచ్చు:

ఏడబ్ల్యూఎస్ ఈసీ2 డిస్క్రైబ్-సబ్‌నెట్స్ --ఫిల్టర్స్ నేమ్=ఓనర్-ఐడీ,వాల్యూస్=111122223333 --రీజియన్ ఏపీ-సౌత్-2

నేమ్, వాల్యూస్ రెండింటికీ మొదటి అక్షరం పెద్దది. ఆ అంకెల చోట ఓనర్ అకౌంట్ నంబరు పెట్టండి. వచ్చిన ఫలితంలో పేరు ఉండదు. ఓనర్ ఎంత అందంగా "ప్రొడ్-ప్రైవేట్-ఏ" అని ట్యాగ్ పెట్టుకున్నా ఆ ట్యాగులు మీ అకౌంట్‌కు రావు. అందుకే పేరుతో వెతికితే దొరకదు. ఓనర్‌ను పేరు అడగకండి, సబ్‌నెట్ ఐడీ అడగండి.

జోన్ (రీజియన్ లోపలి డేటా సెంటర్ల గుంపు) విషయంలో కూడా అంతే. ఫలితంలో జోన్ పేరు, జోన్ ఐడీ అని రెండు ఉంటాయి. మీ అకౌంట్‌లో "1ఏ" అన్న జోన్, వాళ్ల అకౌంట్‌లో "1ఏ" అన్న జోన్ ఒకటే కావాలని లేదు. జోన్ ఐడీ, ఏపీఎస్1-ఏజెడ్1 లాంటిది, అందరికీ ఒకటే. అకౌంట్లు దాటి మాట్లాడుకునేటప్పుడు జోన్ ఐడీతోనే మాట్లాడండి. లేదంటే సర్వరు ఒక జోన్‌లో, డేటాబేస్ ఇంకో జోన్‌లో పడి, జోన్లు దాటే డేటాకు నెలనెలా బిల్లు కడుతుంటారు.

సబ్‌నెట్ కనిపించాక దాన్ని మార్చే ప్రయత్నం చేయొద్దు. కౌలుకు తీసుకున్న చేనులో పంట మీది, గట్టు జరపడం పట్టాదారు పని. అందులో మీ సర్వర్లు పెట్టుకోవచ్చు, మీ సెక్యూరిటీ గ్రూపులు తయారు చేసుకోవచ్చు. రూట్ టేబుల్ (ట్రాఫిక్ దారులు), నెట్‌వర్క్ ఏసీఎల్ (ట్రాఫిక్ కాపలా నియమాలు) మాత్రం ఓనర్ చేతిలోనే ఉంటాయి. ఇతర రకాల్లో మీకు ఏ మేరకు హక్కు ఇచ్చారో చూడాలంటే "లిస్ట్-రిసోర్స్-షేర్-పర్మిషన్స్" కమాండ్‌కు షేర్ ఏఆర్ఎన్ ఇవ్వండి.

ఓనర్ వైపు నుంచి

మీరే పంచినవాళ్లయితే "లిస్ట్-ప్రిన్సిపల్స్ --రిసోర్స్-ఓనర్ సెల్ఫ్" కొడితే ఎవరెవరికి ఇచ్చారో వస్తుంది. మొత్తం ఆర్గనైజేషన్‌కు ఇస్తే ఒక్కో అకౌంట్ విడిగా కనపడదు, ఆర్గనైజేషన్ ఏఆర్ఎన్ ఒక్కటే వస్తుంది.

అవతలివాళ్లు తమకు రాలేదంటే మాత్రం ఇది చూడండి:

ఏడబ్ల్యూఎస్ రామ్ గెట్-రిసోర్స్-షేర్-అసోసియేషన్స్ --అసోసియేషన్-టైప్ ప్రిన్సిపల్

ప్రిన్సిపల్ అంటే మీరు పంచినది అందుకునేవాళ్లు; ఈ మాట పెద్ద అక్షరాల్లో. స్టేటస్ అసోసియేటెడ్ అని ఉండాలి. ఫెయిల్డ్ అని ఉంటే పక్కనే స్టేటస్ మెసేజ్‌లో కారణం రాసి ఉంటుంది. తర్వాత అదే కమాండ్‌ను ప్రిన్సిపల్ బదులు "రిసోర్స్" అని, అదీ పెద్ద అక్షరాల్లోనే, పెట్టి కొట్టండి. సంచి చేరి, అందులో సరుకు చేరకపోవడం కూడా జరుగుతుంటుంది.

రామ్‌లో అసలు కనపడనివి

కొన్నింటిని పంచే దారి వేరు. వాటిని రామ్‌లో ఎంత వెతికినా దొరకవు.

మెషీన్ ఇమేజీలు: "ఏడబ్ల్యూఎస్ ఈసీ2 డిస్క్రైబ్-ఇమేజెస్ --ఎగ్జిక్యూటబుల్-యూజర్స్ సెల్ఫ్". ఇక్కడ సెల్ఫ్ చిన్న అక్షరాల్లో. రామ్‌లో సెల్ఫ్ అంటే నేను పంచినవి, ఇక్కడ నా పేరు మీద అనుమతి ఉన్నవి. అర్థం తిరగబడింది చూడండి. డిస్క్ స్నాప్‌షాట్లకు "డిస్క్రైబ్-స్నాప్‌షాట్స్ --రిస్టోరబుల్-బై-యూజర్-ఐడీస్ సెల్ఫ్". ఆర్‌డీఎస్ (డేటాబేస్ సేవ) స్నాప్‌షాట్లకు "డిస్క్రైబ్-డీబీ-స్నాప్‌షాట్స్ --ఇంక్లూడ్-షేర్డ్".

ఎస్3 బకెట్లకు (ఫైళ్లు దాచే చోట్లు) జాబితానే లేదు. పక్క అకౌంట్ మీకు బకెట్ పాలసీతో అనుమతి ఇచ్చినా మీ బకెట్ల జాబితాలో అది ఎప్పటికీ రాదు. పేరు తెలిసి నేరుగా "ఏడబ్ల్యూఎస్ ఎస్3 ఎల్ఎస్" తర్వాత ఎస్3, కోలన్, రెండు స్లాష్‌లు, బకెట్ పేరు కొడితేనే తెరుచుకుంటుంది. కేఎంఎస్ కీలు (ఎన్‌క్రిప్షన్ కీలు) కూడా అంతే: పూర్తి ఏఆర్ఎన్‌తో "డిస్క్రైబ్-కీ" కొట్టాలి. వీటికి పేరో, ఏఆర్ఎనో ఓనర్ మీకు రాసి ఇవ్వాల్సిందే.

ఇంతా చేసి ఇంకా కనపడకపోతే ఓనర్‌కు "రావట్లేదు" అని ఒక్క ముక్క పంపకండి. గెట్-కాలర్-ఐడెంటిటీలో వచ్చిన అకౌంట్ నంబరు, మీరు చూసిన రీజియన్ కోడ్, మీరు కొట్టిన కమాండ్ మొత్తం, వచ్చిన జవాబు మొత్తం, ఈ నాలుగూ ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసి పెట్టండి. మా జూనియర్ ఆ రోజు వాళ్లకు ముందే ఇవి పంపి ఉంటే, "సెల్ఫ్" అన్న మాట అవతలివాళ్ల కంట్లో మొదటి మెసేజ్‌లోనే పడేది.